మాఘమాసపు విత్తులు



సంక్రాంతి గడచినది. ధాన్యము గాదెలకు చేరినది. రథసప్తమినాడు మన ఇండ్లలో చిక్కుడుకాయలతో రథము కట్టి, చిక్కుడాకులలో పరమాన్నమును సూర్యభగవానునకు నివేదించు ఆచారము కలదు గదా. ఆ ఆకు నేడు చేతికందుచున్నదనిన, వర్షాకాలమునందు ఎవరో పెరటిలో నాలుగు చిక్కుడుగింజలు నాటియుండుటచేతనే. అట్లే, ఎండలు ముదిరి బావులలో నీరు అడుగంటు దినములలో మన కంచములోనికి రావలసిన సొర, బీర, దోస, కాకర, బెండకాయలకు విత్తు ఇప్పుడు నేలలో పడవలెను. ఆ విషయమై మీతో ముచ్చటింపదలచితిని.

"పంతులుగారూ, మాఘమునందే ఏల? తీరిక చూచుకొని ఫాల్గునములోనో చైత్రములోనో వేసిన మొలవవా?" అని పలువురు నన్ను అడిగియున్నారు. మొలచును. మొలచుట వేరు, కాచుట వేరు.

విత్తు మొలకెత్తుటకు తడి యొక్కటియే చాలదు, వెచ్చదనమును వలయును. పైన చెప్పినవన్నియు వేడిమిని కోరు జాతులు. నేలలోని వేడిమి షుమారు 16 డిగ్రీలకు దిగువనున్న యెడల బెండవిత్తు మొలకెత్తదు. చల్లని తడిలో ఉబ్బి, మెత్తబడి, కుళ్లును. గోదావరి, కృష్ణా డెల్టాలలో సంక్రాంతి తరువాతి రాత్రులు సాధారణముగా అంత చల్లగా నుండవు. ఆదిలాబాదు ప్రాంతమునను, అరకు మన్యమునను కొన్ని రాత్రులు 10 డిగ్రీలకు దిగువకు పోవును. అచ్చటివారు రథసప్తమి దాటువరకు ఓపిక పట్టుట మేలు. ఆనాటినుండి సూర్యుని రథము ఉత్తరమునకు మరలునని పెద్దలు చెప్పిరి. నేల వేడెక్కుటను గమనించుటకు అంతకన్న సులభమైన గురుతు పల్లెటూరివానికి వేరొకటి అక్కరలేదు.

ఇది చలివైపు హద్దు. వేడివైపు హద్దును ఎక్కువమంది ఎరుగరు. సొర, బీర మొదలగు తీగజాతులలో మగపూవు వేరు, ఆడుపూవు వేరు; ఆడుపూవు క్రింద చిన్న పిందె యుండును, మగపూవు వట్టి కాడపై నిలుచును. పగలు కురుచగాను, గాలి చల్లగాను ఉన్న దినములలో ఈ తీగలు ఆడుపూలు ఎక్కువగా వేయును. పగలు పొడవై, ఎండ తీవ్రమైనకొలది మగపూలే ఎక్కువగును. ఆలస్యముగా విత్తినవాని తీగ పందిరి నిండ అల్లుకొనును, పూత విరియబూయును, కాయ మాత్రము దిగదు. అతడు ఎవరి దిష్టియో తగిలినదని పాదునకు పాతచెప్పు కట్టును. దిష్టి కాదు అయ్యా, తిథి! బెండకు ఈ చిక్కు లేదుగాని, ఎండలలో తెల్లదోమ పెరిగి, ఆకుల ఈనెలు పసుపెక్కు తెగులును లేతమొక్కలకు అంటించును. మొక్క అప్పటికే ముదిరియున్నచో కొంత కాపు దక్కును.

కావున గడువు స్వల్పము. విత్తు మొలవలేదని పదునైదు దినములకు తెలిసికొని మరల వేయుదమనిన, ఆ పదునైదు దినములును పోయినట్లే. అందుచేత నేను ముఖ్యముగా చెప్పదలచినది, విత్తకముందే విత్తును పరీక్షింపుడని.

కృషిపరాశరమను సంస్కృత గ్రంథమునందు మాఘ ఫాల్గునములలో విత్తనములు సేకరించి, ఎండలో చక్కగా ఆరబెట్టి, నేలపై నుంచక భద్రపరుపవలెనని కలదు. ఒకే రూపముగల విత్తు మంచి ఫలమిచ్చుననియు, దీపము, నిప్పు, పొగ తగిలినదియు, వానకు తడిసినదియు విడువవలెననియు కలదు. మన ఇండ్లలో మాత్రము అవ్వలు సొరబుర్రను, బీరకాయను పొయ్యిపై దూలమునకు వ్రేలాడదీసెదరు. పొగకు పురుగు చేరదని వారి యుక్తి. ముని మాట నిజమా, అవ్వ మాట నిజమా? నన్నడిగిన, తడిగుడ్డ మాట నిజము. పొగ దూరమున తగిలి పొడిగానున్న విత్తు బ్రతుకును, సెగ తగిలినది చచ్చును. కంటికి రెండును ఒక్క తీరుననే కనబడును.

నేను బడి చెప్పు కాలమున పిల్లలచే ఈ పరీక్ష చేయించుచుంటిని. నూరు గింజలు లెక్కించి, తడిపి పిండిన నూలుగుడ్డపై వరుసగా పరచి, చుట్టచుట్టి, వెచ్చని మూలనుంచి, గుడ్డ ఆరకుండ చూచుకొనవలెను. గింజలు తక్కువైన ఇరువది చాలును. వారము దినముల కొకమారు విప్పి మొలకలు లెక్కింపవలెను. కాకరకు ఇంకొక వారము గడువిండు. అమ్మకపు విత్తనములలో బెండ నూటికి 65, సొర, బీర, కాకర నూటికి 60 మొలవవలెనని ప్రభుత్వ ప్రమాణము. అంతకు తగ్గినచో పాదునకు గింజలు హెచ్చింపుడు. నూటికి ఇరువదియే మొలచినచో ఆ విత్తు చివరి యేటిదని యెరుగుడు.

ఈ చివరి మాటను కొంచెము విప్పి చెప్పవలెను. సొర, దోస గింజలు పొడిగానున్న మూడు నాలుగేండ్లు నిలుచును. బెండ రెండేండ్లకు మించి నమ్మదగినది కాదు. ఉల్లివిత్తు ఒక యేడు గడచిన పిమ్మట క్షీణించును. మీ ఇంట మూడు తరములుగా వచ్చుచున్న పొట్టిబీర విత్తు డబ్బీలో నున్నదని మీరు నిశ్చింతగా నుందురు. డబ్బీలో నున్నది పేరే కావచ్చును. ఈ మాఘమున వేయక, రాబోవు మాఘమునను వేయక పోయిన, ఆ రకము మీ యింట అంతరించును. అంగడిలో అది దొరకదు. అంగడి పొట్లములను నేను నిందింపను; సంకర విత్తనము మొదటి పంట బాగుగనే యిచ్చును. దానినుండి తీసిన గింజ మాత్రము తల్లిని పోలదు, ఏటేట కొనవలసినదే. ఇంటి విత్తును దాచుకొనుటకు, ఇరుగుపొరుగులతో మార్చుకొనుటకు రైతునకు గల హక్కును మన దేశమున 2001వ సంవత్సరపు చట్టము స్పష్టముగా గుర్తించినది. హక్కున్నను, మొలక లేని గింజతో ఏమి చేయగలము?

ఇక నాటు విధము మీరెరిగినదే గనుక త్వరగా ముగించెదను. మూరెడు లోతు పాదు త్రవ్వి, బాగుగ మాగిన పశువులయెరువు గంపెడు కలిపి, మూడు నాలుగు గింజలు వేసి, మొలచిన పిమ్మట బలమైన రెండింటిని ఉంచుడు. బెండను రాత్రియంతయు నానబెట్టుడు. కాకరగింజ పెంకు గట్టిది, ఒక పగలు ఒక రాత్రి నానవలెను. విత్తు దళసరికి రెండు మూడు రెట్లకన్న లోతు వలదు. తోటకూర గింజలను ఇసుకతో కలిపి చల్లి, మడి చుట్టును గుప్పెడు నూకలు చల్లినచో చీమలు వానిపై పడి గింజలను కొంత విడుచును. రెండాకులప్పుడు పెంకుపురుగు వచ్చును. మంచు ఆరకముందే జల్లించిన బూడిద చల్లుడు.

పూలలో బంతిని మరువకుడు. రథసప్తమికి నారు పోసిన బంతి ఉగాది తోరణమునకు అందదు. రేకబంతి త్వరగా పూచును గనుక శ్రీరామనవమి పందిళ్లకు తొలిపూలు దక్కవచ్చును. ముద్దబంతి ఇంకను ఆలస్యించును. కూరమడి అంచున బంతి వేసిన, దాని వేళ్లు నేలలోని నులిపురుగులను కొంత అణచును. పూజకు పూవు, మడికి కాపు!

మీ పాదులు కాచిన పిమ్మట, మొదటి కాయను విడిచి, తెగులు లేని తీగపై రెండవదానినో మూడవదానినో విత్తునకు ఎంచి, ఎవరును కోయకుండ ఎఱ్ఱదారము కట్టుడు. సొర విషయమున ముందుగా అదే తీగ కాయను చిన్న ముక్క కోసి నాలుకకు తాకించి చూచుట అవసరము. చేదుగానున్న ఉమిసివేయుడు, చేదుసొర విషము, ప్రాణాపాయము కలదు. ఆ తీగ కాయ తినరాదు, దాని గింజ ఉంచరాదు. బీరకాయ తీగపైననే ఎండి, ఊపిన గింజలు గలగలలాడువరకు ఆగుడు. దోసగింజలను గుజ్జుతో ఒక రాత్రి ఉంచి, కడిగి, నీడన ఆరబెట్టి, బూడిదతో కలిపి ఉంచుడు. డబ్బీపై కాయ పేరుతోపాటు ఏ సంవత్సరపు విత్తో తప్పక వ్రాయుడు. సెలవు.