చిప్ప మీది చిన్న సంచి

మోకాటి చిప్ప మీది చర్మాన్ని వేళ్లతో కదిపి చూడండి, సులువుగా జారుతుంది. చర్మానికీ చిప్పకూ మధ్య ఉన్న పలుచటి సంచి చలవ అది. పేరు బర్సా. మామూలుగా అందులో ఉండేది కాస్తంత జిగట ద్రవమే.

గంటల తరబడి మోకాళ్ల మీద వంగి టైల్సు పరిచేవారికి, నేల తుడిచేవారికి అది ఉబ్బుతుంది. ఇంగ్లీషువాళ్లు దీన్ని 'పనిమనిషి మోకాలు' అన్నారు. యజమానురాలి మోకాలు ఎందుకు కాలేదో వేరే చెప్పాలా!

వాపు కీలు లోపల కాదు, చిప్ప ముందు. అందుకే కాలు చాపితే పెద్దగా నొప్పి ఉండదు. మోకాళ్ల మీద బరువు వేయడం మానేసి, ఐసు పెడితే చాలాసార్లు తగ్గిపోతుంది. ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే మాత్రం ఆలస్యం వద్దు. గీరుకుపోయిన చోటు నుంచి స్టెఫైలోకాకస్ బాక్టీరియా చొరబడి ఉండొచ్చు. డాక్టరు సూదితో ద్రవం తీసి పరీక్షకు పంపుతారు, యాంటీబయాటిక్ మొదలుపెడతారు.