కెమెరా అన్నం పెడుతుందా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఫోటోగ్రఫీ, ఆర్ట్ డైరెక్షన్ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. నిన్న మన పూర్వ విద్యార్థి ఒకాయన అడిగిందే అసలు ప్రశ్న: "మా గుంటడు కెమెరా కెమెరా అంటన్నాడన్నా. అన్నం పెడతాదా?"

పెడుతుంది. కానీ ఒక్క కెమెరాయే పెట్టదు. నా ఆదాయం ఏనాడూ ఒకచోటి నుంచి రాలేదు. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా పెళ్లిళ్లు. ఆషాఢంలో, మూఢాల్లో ముహూర్తాలుండవు. ఆ రోజుల్లో బట్టల దుకాణాల కేటలాగులు, పుస్తకాల అట్టలు, నాటక పరిషత్తులకు తెరలు. ఆ ఖాళీయే నన్ను సినిమా సెట్టుల వైపు తోసింది.

పెళ్లి ఫోటోలంటే చాలామందికి చిన్నచూపు. నాకు లేదు. తెల్ల పంచె, నల్ల జుట్టు, హోమం పొగ, పందిట్లో ట్యూబులైటు, పందిరి బయట ఎండ, అన్నీ ఒకే ఫ్రేములో పడతాయి. ఏ కాలేజీలో పెడతారు ఇంత కష్టమైన పరీక్ష? తెల్లబట్టను చూస్తే కెమెరా మీటరు మోసపోయి దాన్ని బూడిదరంగుగా చూపిస్తుంది. ఒక స్టాపో, ఒకటిన్నర స్టాపో పెంచితేగాని తెలుపు తెలుపుగా రాదు. పెళ్లికొడుకుల పంచెల దగ్గర నేర్చుకున్న ఈ సంగతి పొందూరు ఖద్దరు తీసేటప్పుడు పనికొచ్చింది. ఎదురుగా లైటు కొడితే ఖద్దరు కాగితంలా ఉంటుంది. పక్కనుంచి బాగా ఏటవాలుగా పడాలి. అప్పుడు పోగు పోగూ పైకి లేస్తుంది.

పొందూరులో ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారని మనందరికీ తెలుసు. తెలిసిందే కదా అని మనం ఫోటో తీయం. నేను బట్టతోపాటు ఆ చేతుల్నీ, ఆ దవడనీ తీశాను. ఆ ఫోటోలు చూసే ఒక దర్శకుడు, "పల్లెటూరి ఇల్లు సెట్టు వేయాలి, వస్తావా?" అని పిలిచాడు.

ఆర్ట్ డైరెక్షన్ అంటే అలంకరణ అనుకుంటారు. స్క్రిప్టు చదివి, ఆ ఇంట్లో ఎవరుంటారు, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ముసలాయన తల ఆనించే చోట గోడకు ఎంత ఎత్తున మరక పడుతుంది అని లెక్కగట్టే పని అది. కొత్త గోడను పాతది చేయడానికి టీ డికాషను, మసి వాడతాం. సున్నం కొట్టిన తెల్లగోడ మన కంటికి అందం, ఛాయాగ్రాహకుడికి తలనొప్పి. గోడ వెలిగిపోతుంది, ముందు నిలబడ్డ మనిషి ముఖం నల్లబడుతుంది. అందుకే ఆ తెలుపులో కాస్త బూడిదో, మట్టిరంగో కలుపుతాం. ఫోటోలు తీసిన చేతికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇలా రెండు మూడు పనులు కలిపి చేయడం మన తరంతో మొదలవలేదు. 1957లో వచ్చిన 'మాయాబజార్' కళా దర్శకుల్లో ఒకరైన మాధవపెద్ది గోఖలే చిత్రకారుడు, కథలు రాసినవారు. ఆ సినిమాకు కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లే అంతకు ముందు పత్రికకు ఫోటోలు తీశారు, న్యూస్‌రీళ్లు తీశారు. నలుపు తెలుపు ఫిల్ములో ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిదగా కలిసిపోవచ్చు, కాబట్టి సెట్టుకు రంగు వేసేవారికి కెమెరా కన్ను తెలియాల్సిందే. అంత దూరం ఎందుకు, 1912లో మన శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్యగారు కశింకోటలో ఉండే 'చందమామ'కు, 'యువ'కు బొమ్మలు వేశారు. విజయనగరంలో అంట్యాకుల పైడిరాజుగారు బొమ్మలు వేశారు, శిల్పాలు చేశారు, పిల్లలకు నేర్పారు. ఊళ్లో ఉంటే కళ ఎదగదనే మాట నేను నమ్మను. సినిమా సెట్టులు మాత్రం ఎక్కువగా హైదరాబాదులోనే వేస్తారు, అదీ నిజమే.

డబ్బు సంగతి చెప్పకుండా దిగిపోతే ప్రశ్న అడిగినాయన ఊరుకోడు. సినిమాలో డబ్బు ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రాదు. ఒక నిర్మాణ సంస్థ నాకు రెండు నెలల జీతం ఇప్పటికీ బాకీ. ఆ రెండు నెలలూ ఇంటి అద్దె కట్టింది పెళ్లి ఆల్బములే. అడ్వాన్సు ముందే తీసుకోండి. ఫోటో ఎక్కడెక్కడ వాడుకుంటారో కాగితం మీద రాయించుకోండి. తెలిసినవాళ్ల దగ్గరైతే మరీను!

మాస్టార్లకు ఒక మనవి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి లలితకళల విభాగం ఉంది. హైదరాబాదు జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీలో డిగ్రీ ఉంది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్ట్ డైరెక్షన్ నేర్పుతారు. ఎంపీసీ, బైపీసీ గురించి చెప్పే రోజున ఈ మూడు పేర్లూ బోర్డు మీద రాయండి.

దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి విజయనగరం వస్తాను. కోట దగ్గర నిలబడతాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలు, అమ్మాయిలైనా అబ్బాయిలైనా, ఇంట్లో పెద్దల్ని వెంటబెట్టుకుని రావచ్చు. ఫోను చాలు. సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. మొదటిసారి ఉత్తినే చూడండి, రెండోసారి వెలుతురు ఎటునుంచి పడుతోందో గమనించండి, మూడోసారి తీయండి. వచ్చేవాళ్లు కార్యదర్శిగారి దగ్గర పేర్లు రాయించండి.