వైఫై ఉన్నది, ఇంటర్నెట్ లేదు

"నెట్ పోయింది" అనే మాట ఈనాడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో "కరెంటు పోయింది" అన్నంత సహజమైపోయినది. కాని ఈ రెండు మాటలకు ఒక భేదమున్నది. కరెంటు పోతే వీధి వంక తొంగి చూస్తాము. పక్కింటి దీపము కూడ ఆరి ఉంటే లోపము మన ఇంటిలో లేదని నిశ్చింతగా కూర్చుంటాము. పక్కింట వెలుగుతూ ఉంటే మన ఫ్యూజు చూసుకొంటాము. నెట్ పోయినపుడు మాత్రము ఈ పాటి విచారణ కూడ చేయము. గోడకు తగిలించిన డబ్బాను తట్టి, దాని తీగలన్నీ ఊడబెరికి, కనిపించిన మీటలన్నీ నొక్కి, చివరకు చిన్న లోపమును పెద్దది చేసుకొంటాము.

ఈ తొందర వల్ల కలిగే నష్టము మాటవరుసకు చెప్పేది కాదు. మిర్యాలగూడలో నేనెరిగిన ఒక కుటుంబములోని అమ్మాయి ఇంజనీరింగు ప్రవేశమునకు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవలసిన చివరి రోజున, సాయంకాలము వేళ కంప్యూటరు ముందు కూర్చున్నది. వైఫై గుర్తు నిండుగా ఉన్నది. పుట మాత్రము తెరచుకొనలేదు. అన్నగారు గుండుసూది తెచ్చి డబ్బా వెనుక ఉన్న సన్నని రంధ్రములో గ్రుచ్చి పది సెకనులు అదిమి పట్టినాడు. అంతకు ముందు ఆ ఇంటికి వచ్చిన కష్టమల్లా నెల చందా గడువు తీరిపోవడమే. సూది దిగిన తరువాత డబ్బాలోని వివరాలన్నీ తుడిచిపెట్టుకొని పోయినవి. చందా కట్టినా లాభము లేకపోయినది. వచ్చి సరిచేయవలసిన మనిషి మరునాటి ఉదయము గాని రానన్నాడు. ఆ పిల్ల తండ్రిగారి ఫోనులో, అరచేయంత తెర మీద, ఎంచుకోవలసిన కళాశాలలలో సగము వదలివేసి, అర్ధరాత్రికి పని ముగించినది.

ఆ సూది రంధ్రము సంగతి మరల చెపుతాను. ముందుగా గ్రహించవలసిన విషయమొకటి ఉన్నది. వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. వైఫై అంటే మీ ఫోనుకు, మీ డబ్బాకు మధ్యనున్న రేడియో సంబంధము మాత్రమే. శ్రోతలకు ఇది తేలికగా బోధపడవలసిన సంగతి. దశాబ్దాలుగా మనము విన్న హైదరాబాదు "ఎ" కేంద్రము 738 కిలోహెర్ట్‌జ్‌ల మీద, విజయవాడ 837 మీద పలికేవి. ఆ తరంగాల పొడవు మూడువందల యాభై మొదలు నాలుగువందల మీటర్ల వరకు ఉంటుంది. మీ ఇంటిలోని రౌటరు కూడ ఒక చిన్న రేడియో కేంద్రమే. అయితే దాని తరంగము జానెడు కూడ ఉండదు: 2.4 గిగాహెర్ట్‌జ్‌ల వద్ద పన్నెండున్నర సెంటీమీటర్లు. మన దేశములో ఈ పట్టీని ప్రత్యేకమైన లైసెన్సు లేకుండ వాడుకొనుటకు 2005లో అనుమతి లభించినది. ప్రసార కేంద్రము నడుస్తూ ఉండి, దానికి స్టూడియో నుండి రావలసిన తీగ తెగిపోతే ఏమవుతుంది? రేడియో సెట్టు ఆ స్టేషను పట్టుకొంటుంది గాని పాట వినిపించదు. "కనెక్టెడ్, నో ఇంటర్నెట్" అని ఫోను చెప్పే మాటకు అర్థము సరిగ్గా ఇదే.

ఇక ఆ తీగ ఎక్కడ నుండి వస్తున్నది? హైదరాబాదు నుండి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీదనే సూర్యాపేట, కోదాడ ఉన్నవి. మిర్యాలగూడ ఆ దారికి ఎడముగా, సికింద్రాబాదు నుండి గుంటూరు పోయే రైలు మార్గము మీద ఉన్నది. మూడూ ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడినపుడు కోదాడ దానిలో చేరగా, మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. దూరమునుండి గాజు తీగలలో వచ్చిన వెలుగు పట్టణములోని కంపెనీవారి యంత్రమును చేరి, అక్కడనుండి స్తంభము మీది చిన్న పెట్టెకు వస్తుంది. ఆ పెట్టెలో ఒక్క తీగలోని వెలుగు ముప్పది రెండుగానో అరువది నాలుగుగానో చీలి ఇండ్లకు పంపిణీ అవుతుంది. హైదరాబాదు నుండి సూర్యాపేటకు ఉన్న సుమారు 135 కిలోమీటర్లు దాటుటకు వెలుగుకు సెకనులో వెయ్యోవంతు కూడ పట్టదు. ఆలస్యాలు, అవాంతరాలు ఎక్కువగా కలిగేది స్తంభమునకు, మీ గోడకు మధ్యనున్న ఆ కొద్ది గజాలలోనే.

కాబట్టి నెట్ ఆగినపుడు మొదటి ప్రశ్న ఇది: ఒక్క ఫోనుకే రావడము లేదా, ఇంటిలో అన్నిటికీ రావడము లేదా? ఒక్కదానికే అయితే డబ్బాను ముట్టవద్దు. అన్నిటికీ అయితే రెండవ ప్రశ్న: అదే కంపెనీ తీగ ఉన్న పక్కింటివారికి వస్తున్నదా? వారికీ లేకపోతే పెట్టె వద్దనో, అంతకు పైననో తెగినదని అర్థము. మీరు చేయగలిగినది ఫిర్యాదు ఒక్కటే. ఈ రెండు ప్రశ్నలకు రెండు నిమిషాలు చాలు. వీటితోనే సగము తగవు తీరిపోతుంది.

అన్నిటికీ లేదు, పక్కింట ఉన్నది అని తేలినపుడు డబ్బా మీది దీపాలు చూడవలెను. ఈ దీపాలను మన ఇండ్లలో ఎవ్వరూ చదవరు. అవి అలంకారానికని అనుకొంటారు కాబోలు! ఫైబరు తీగ వచ్చే డబ్బాల మీద సాధారణముగా "పవర్", "పాన్", "లాస్", "ఇంటర్నెట్", "వైఫై" అని గుర్తులుంటవి. "లాస్" అనేది వెలుగు అందడము లేదని చెప్పే దీపము. అది ఆరి ఉండవలెను. ఎర్రగా మిణుకుతూ ఉంటే బయటి గాజు తీగలో లోపమని తెలుసుకోవలెను. ఫోనులో ఎన్ని మీటలు నొక్కినా ప్రయోజనము లేదు. "పాన్" నిలకడగా పచ్చగా ఉండవలెను. అది మిణుకుతూ ఉంటే డబ్బా తన పేరు చెప్పి కంపెనీ యంత్రముతో పలుకుటకు ప్రయత్నిస్తున్నదన్నమాట. ఈ రెండు సక్రమముగా ఉండి "ఇంటర్నెట్" దీపము మాత్రము వెలగకపోతే, తీగ బాగున్నది, లెక్క బాగులేదు. గడువు తీరిపోయి ఉండవచ్చును; లేదా డబ్బాలోని వాడుకరి పేరు, సంకేత పదము చెదరి ఉండవచ్చును.

ఎర్ర దీపము వెలిగినపుడు మీరు చూడదగినది ఒకటే. గాజు తీగ ఎక్కడనైనా నలిగినదా, మంచము కోడు క్రింద పడినదా, ఎలుక కొరికినదా, మిద్దె మీద కోతులు లాగినవా? మన పట్టణాలలో కోతుల బెడద ఎరుగనివారు లేరు. స్తంభము నుండి స్తంభమునకు వేలాడే నల్లని తీగ వాటికి ఊయల. ఈ తీగ లోపలి గాజు మార్గము 9 మైక్రోనులు మాత్రమే. రాగి తీగవలె దానిని చుట్ట చుట్టి మేకుకు తగిలించరాదు. బొటనవ్రేలికి చుట్టినంత బిగువుగా వంచితే, విరగకపోయినా వెలుగు పక్కకు కారిపోతుంది. తీగ కొనను ఊడదీసి చీరకొంగుతో తుడవడము, నోటితో ఊదడము మంచిది కాదు. మిర్యాలగూడ మిల్లుల పరిసరాలలో ఊక దుమ్ము సన్నగా అంతటా వాలుతుంది. ఆ కొన మీద ఒక్క రేణువు చాలు. దానిని కంటికి ఎదురుగా పెట్టి చూడడము మరీ ప్రమాదము. అందులోని వెలుగు కంటికి కనబడదు గాని కన్నుకు హాని చేయగలదు. లైనుమనిషి వచ్చినపుడు మాత్రము వెలుగు బలము ఎంత ఉన్నదో అడిగి తెలుసుకోండి. సుమారు మైనస్ 27 కన్న దిగువకు జారితే ఆ తీగ నేడు పనిచేసినా రేపు వానకు ఆగుతుంది. "వచ్చింది కదా" అని అతడు వెళ్లబోతే ఆ సంఖ్య అడిగి గాని పంపవద్దు.

దీపాలన్నీ బాగున్నవి, అయినా ఏ పరికరములోను నెట్ లేదు. అప్పుడు డబ్బాను మీట వద్ద ఆపి, ఒక నిమిషము ఆగి, మరల వెలిగించవచ్చును. ఇది మూఢ విశ్వాసము కాదు. డబ్బా కూడ ఒక చిన్న కంప్యూటరే. నెలల తరబడి ఆగకుండ నడచి ఎక్కడనో చిక్కుపడి ఉండవచ్చును. వెంటనే వెలిగించక ఒక నిమిషము ఆగమనుటకు కూడ కారణమున్నది: కంపెనీ యంత్రములో మీ పాత సంబంధము తెగినట్లు నమోదు కావలెను. వెలిగించిన తరువాత అయిదు నిమిషాలు ఓపిక పట్టండి. రెండవ నిమిషములోనే మరల ఆపితే మొదటికి వస్తుంది.

ఇప్పుడు సూది రంధ్రము. ఆపి వెలిగించడము నిద్ర లేపడమువంటిది. రంధ్రములో సూది గ్రుచ్చడము జ్ఞాపకమంతా చెరిపివేయడము. వైఫై పేరు, సంకేత పదము, అనేక ఇండ్లలో కంపెనీ ఇచ్చిన వాడుకరి పేరు కూడ పోతవి. కొన్ని కంపెనీలు ఈ వివరాలను దూరము నుండే మరల నింపగలవు. కొన్నిటికి మనిషి రావలెను. మీది ఏ కోవలోనిదో ముందుగా అడిగి ఉంచుకోండి. అదే విధముగా, బజారులో కొత్త డబ్బా కొని పాతదాని చోట తగిలిస్తే పని జరగదు. ప్రతి డబ్బా క్రమసంఖ్య కంపెనీవారి వద్ద నమోదై ఉండవలెను.

ఒక్క ఫోనుకే వచ్చిన ఇబ్బంది వేరు జాతిది. ఫోను తేదీ, గడియారము తప్పుగా ఉంటే భద్రత గల పుటలేవీ తెరచుకొనవు. బ్యాటరీ పూర్తిగా అడుగంటి లేచిన పాత ఫోనులలో ఇది తరచుగా జరుగుతుంది. సంకేత పదము మార్చిన తరువాత పాతదానినే పట్టుకొని వ్రేలాడే ఫోనులో ఆ వైఫై పేరును "ఫర్గెట్" చేసి కొత్తగా చేర్చవలెను. పాత ఫోనులకు 5 గిగాహెర్ట్‌జ్‌ల పట్టీ కనబడదు; 2.4 పట్టీ పేరునే ఎన్నుకోవలెను. కంప్యూటరు తన చిరునామా 169.254 అని మొదలుపెట్టి చూపితే, డబ్బా దానికి చిరునామా ఇవ్వలేదని, అది తానే ఒకటి తగిలించుకొన్నదని తెలియవలెను. పెద్ద ఇండ్లలోను, మిల్లు కచేరీలలోను ఈ చిక్కుకు ఒక విచిత్రమైన మూలము కనబడుతుంది: పై అంతస్తుకు అందడము లేదని పాత రౌటరు ఒకటి తెచ్చి కలుపుతారు, రెండూ యజమానులమేనని చిరునామాలు పంచిపెడతవి. ఒకే ఇంటికి ఇద్దరు పెత్తందారులైతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. రెండవదానిలో చిరునామాలు పంచే పనిని మాన్పించవలెను.

డబ్బా ఉండే చోటు గురించి రెండు మాటలు. ఇనుప బీరువా వెనుక, నీటి తొట్టి పక్కన, రేకుల వసారా మూలన పెట్టకండి. ఇనుము ఆ చిన్న తరంగమును తిప్పికొడుతుంది, నీరు మ్రింగుతుంది. మే నెల ఎండలలో మిద్దె క్రింది గది గోడ మీద అది పొయ్యి మీద ఉన్నట్లే. దాని మీద బట్ట కప్పరాదు. అడాప్టరు చెడితే చేతికి అందినది తగిలించక, అదే వోల్టు, అంతకు తగ్గని ఆంపియరు ఉన్నదానినే వాడవలెను. కరెంటు పోయి రావడము ఎక్కువగా ఉన్న చోట, డబ్బాకు సరిపడే చిన్న బ్యాటరీ పెట్టె తగిలిస్తే చాల వరకు ఈ గొడవ ఉండదు.

చివరకు ఫిర్యాదు చేయవలసి వచ్చినపుడు కంపెనీ నంబరు కొరకు ఫోనులో వెదకడము అన్నిటికన్న పెద్ద ప్రమాదము. వెదికితే వచ్చే నంబర్లలో దొంగలవి కూడ ఉంటవి. మర్యాదగా మాట్లాడి, ఏదో యాప్ దింపించి, పది రూపాయలు కట్టమని చెప్పి, బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకొని పోతారు. నెట్ బాగుచేయుటకు ఎవ్వరికీ మీ ఓ.టి.పి. అవసరము లేదు. డబ్బు పోయినట్లు తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోను చేయవలెను. గంటలు గడచిన కొలది ఆ సొమ్మును మధ్యలో ఆపడము కష్టమవుతుంది.

అందుచేత నెట్ చక్కగా నడుస్తున్న రోజుననే ఒక కాగితము తీసుకోండి. మీ చందా రసీదు మీది ఫిర్యాదు నంబరు, వాడుకరి పేరు, గడువు తేదీ, ఏ దీపము ఏ రంగులో నిలకడగా ఉన్నదో దానిపై వ్రాసి డబ్బా పక్కన గోడకు అంటించండి. సంకేత పదము మాత్రము అక్కడ వ్రాయక, ఇంటి లెక్కల పుస్తకములో వ్రాసి పెట్టుకోండి. అమెరికాలోని కొడుకు ఆదివారము పిలిచే వేళకు నెట్ ఆగిపోతే, ఇంట ఒంటరిగా ఉన్న నాయనమ్మ కూడ ఆ కాగితము చూసి, "ఎర్ర దీపము వెలుగుతున్నది నాయనా, నిన్నటి వరకు లేదు" అని లైనుమనిషికి చెప్పగలుగుతుంది. అతడు కూడ ఏ పనిముట్టు తెచ్చుకోవలెనో తెలిసి బయలుదేరుతాడు.