లిబియాలో ఎవరెవరున్నారు, లెక్కలో ఎవరెవరున్నారు?

మొన్న యువజనుల సమావేశంలో నేను మాట్లాడిన మాటలివి. రాలేకపోయిన తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగితే ఇక్కడ రాసి పెడుతున్నా. ఎదురుగా కూర్చుని వింటున్నట్టే చదవండి.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఏళ్ల తరబడి 'వరల్డ్ ఫ్యాక్ట్‌బుక్' అని ఒకటి ప్రచురించింది. ఏ దేశంలో ఏ జాతుల వాళ్లున్నారో అందులో క్లుప్తంగా రాసి ఉంటుంది. ఉత్తర ఆఫ్రికాలోని లిబియా దగ్గర ఏం రాశారో తెలుసా? బెర్బర్లు, అరబ్బులు కలిపి 97 శాతం, ఇతరులు 3 శాతం. ఆ ఇతరులు ఎవరయ్యా అంటే ఈజిప్టు వాళ్లు, గ్రీకులు, ఇటలీ వాళ్లు, మాల్టా వాళ్లు, టర్కీ వాళ్లు, పాకిస్తానీలు, ఆఖరికి భారతీయులు. బతుకుదెరువుకు పోయిన మనోళ్ల పేరు కూడా ఉంది. కానీ తరతరాలుగా ఆ ఎడారిలోనే బతుకుతున్న తుబు జనం పేరు లేదు. తువారెగ్‌ల పేరు విడిగా లేదు. బెర్బర్లనీ అరబ్బులనీ ఒకే మూటలో కట్టేశారు.

ఒక్క వాక్యంలో ఇంతమంది కనబడకుండా పోయారు. ఈరోజు నేను చెప్పాలనుకున్నది ఆ వాక్యం వెనక ఉన్న మనుషుల గురించి.

లిబియా చాలా పెద్ద దేశం. దాదాపు 17.6 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశంలో సగానికి పైనే. జనం మాత్రం 70 లక్షల పైచిలుకు. వాళ్లలో ఎక్కువమంది మధ్యధరా సముద్రం ఒడ్డునే ఉంటారు. మిగతాదంతా సహారా ఎడారి, అక్కడక్కడ ఒయాసిస్సులు. పాతకాలం నుంచీ మూడు ప్రాంతాలుగా చెప్పుకుంటారు: పడమర ట్రిపోలీ ప్రాంతం, తూర్పున బర్కా, దక్షిణాన ఫెజ్జాన్.

అరబ్బులు రాకముందు నుంచీ ఆ నేల మీద ఉన్నవాళ్లు అమాజిగ్‌లు. మనం పుస్తకాల్లో బెర్బర్లు అని చదువుకున్నది వీళ్ల గురించే. బెర్బర్ అనేది బయటివాళ్లు పెట్టిన పేరు. అనాగరికులు అని వెక్కిరించే పాత మాటలోంచి పుట్టింది. వాళ్లు తమను అమాజిగ్ అనే పిలుచుకుంటారు, దానికి స్వేచ్ఛగా బతికే మనుషులు అని అర్థం చెప్పుకుంటారు. ఎవరో పెట్టిన పేరు మోస్తూ బతకడం ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఏడో శతాబ్దంలో అరబ్బు సైన్యాలు వచ్చాయి. అయితే అరబ్బు జనం పెద్ద ఎత్తున వచ్చింది పదకొండో శతాబ్దంలో. బనూ హిలాల్, బనూ సులైమ్ అనే సంచార తెగలు పిల్లాజెల్లా, గొడ్డూగోదాతో సహా కదిలొచ్చాయి. ఆ తర్వాత చాలామంది అమాజిగ్‌లు మెల్లమెల్లగా అరబ్బీ మాట్లాడసాగారు, అరబ్బు వంశాల్లో కలిసిపోయారు. ఈరోజు అరబ్బులమని చెప్పుకునే చాలా కుటుంబాల్లో పాత అమాజిగ్ రక్తం ఉంది. కాబట్టి ఆ 97 శాతంలో ఎవరు ఎంత అని గీత గీయడం కష్టమే. కానీ కష్టం కదా అని భాష, పేరు, ఊరు నిలబెట్టుకున్నవాళ్లను కూడా కలిపేస్తే అది అన్యాయం.

ఇక్కడ 'తెగ' అనే మాట గురించి కొంచెం ఆలోచించాలి. మనకు తెగ అనగానే అడవి, కొండ, గూడెం గుర్తుకొస్తాయి. లిబియాలో తెగను 'ఖబీలా' అంటారు. అక్కడ పేదవాడికీ ఖబీలా ఉంది, రాజ్యమేలినవాడికీ ఉంది. బనీ వలీద్ పట్నం చుట్టూ ఉన్న వర్ఫల్లా దేశంలోని అతిపెద్ద తెగల్లో ఒకటి. ఫెజ్జాన్‌లో మగార్హా, అవ్లాద్ సులేమాన్ తెగలున్నాయి. సిర్తె దగ్గర కద్దాఫా అనే చిన్న తెగ ఉంది. దేశాన్ని 42 ఏళ్లు ఏలిన గడాఫీ ఆ తెగవాడే.

తూర్పున బర్కాలో సాదీ తెగలుంటాయి: బరాసా, అబీదాత్, అవాకీర్, మగార్బా లాంటివి. పాత రోజుల్లో భూమి, బావులు వీళ్లవే. వీళ్ల కింద మురాబితీన్ అని ఇంకో వరుస తెగలుండేవి. నీళ్లు, మేత వాడుకున్నందుకు వాళ్లు సాదీలకు చెల్లింపులు చేసేవాళ్లు. అంటే తెగల మధ్య కూడా పైనా కిందా ఉండేది. తెగ అన్నంత మాత్రాన అందరూ పీడితులు కారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోకపోతే లిబియా అర్థం కాదు.

ఇటలీ 1911లో దండెత్తి వచ్చింది. బర్కాలో పోరాటం నడిపిన ఒమర్ ముఖ్తార్ మీకు తెలిసే ఉంటాడు. ఆయన మురాబితీన్ వరుసలోని మినిఫా తెగవాడు, పిల్లలకు ఖురాన్ చెప్పే గురువు. కొమురం భీమును తలుచుకునే మనకు ఆయన పరాయివాడు అనిపించడు. ఆయన్ని లొంగదీయలేక ఇటలీ సైన్యం 1930లో బర్కా సంచార జనాన్ని, ఇంచుమించు లక్షమందిని, ముళ్లకంచెల శిబిరాల్లోకి తోలింది. మందలు నాశనమయ్యాయి. ఆకలితో, జబ్బులతో పదుల వేలమంది చచ్చిపోయారు. 1931 సెప్టెంబర్ 16న సులూక్‌లో ముఖ్తార్‌ను ఉరి తీశారు. ఇటు పడమర నఫూసా కొండల్లో అమాజిగ్ నాయకుడు సులేమాన్ అల్ బరూనీ ఇటలీ మీద పోరాడాడు. 1918లో ప్రకటించిన ట్రిపోలీ రిపబ్లిక్ నాయకుల్లో ఆయనా ఒకడు. రక్తం ధారపోసే రోజున అమాజిగ్ అని ఎవరూ పక్కన పెట్టలేదు.

మరి దేశం చేతికొచ్చాక ఏమైంది? 1951లో స్వాతంత్ర్యం వచ్చింది. 1969లో గడాఫీ అధికారంలోకి వచ్చి లిబియాను అరబ్బు రిపబ్లిక్ అన్నాడు. అమాజిగ్‌లు అనే జాతే వేరుగా లేదు, వాళ్లూ అరబ్బులే, ఇదంతా వలసపాలకుల కల్పన అని ఆయన వాదన. బడిలో ఆ భాష లేదు, రేడియోలో లేదు. 2001లో వచ్చిన 24వ నంబరు చట్టం అరబ్బీ కాని భాషల్నీ పేర్లనీ నిషేధించింది. అమాజిగ్ తల్లి తన బిడ్డకు తాత పేరు పెట్టుకుంటే రిజిస్టర్‌లో ఎక్కదు. ఇంట్లో ఒక పేరు, కాగితంలో ఇంకో పేరు. బడిలో మాస్టారు పేరు మార్చి రాసుకున్న మనోళ్లకు ఇది కొత్త కథ కాదు.

2011లో గడాఫీ మీద తిరుగుబాటు వచ్చినప్పుడు నఫూసా కొండల్లోని నాలూత్, జాదూ, యెఫ్రెన్ పట్నాల అమాజిగ్‌లు ముందు నిలబడ్డారు. దాచిపెట్టిన తిఫినాగ్ లిపి గోడల మీదికొచ్చింది. 2013లో 18వ నంబరు చట్టం అమాజిగ్, తువారెగ్, తుబు భాషలకు కొంత గుర్తింపు ఇచ్చింది. అయితే అసలు పరీక్ష రాజ్యాంగం దగ్గర ఎదురైంది. రాజ్యాంగం రాసే సభలో 60 సీట్లు. అందులో అమాజిగ్‌లకు 2, తువారెగ్‌లకు 2, తుబులకు 2. 60లో 2 చేతులు లేపితే ఎవరు లెక్కచేస్తారు? మా భాష, మా హక్కుల విషయాల్లో మా ఒప్పుదల తీసుకోవాలి, ఓట్ల లెక్కతో తేల్చొద్దు అని అమాజిగ్‌లు అడిగారు. ఒప్పుకోలేదు. 2014 ఫిబ్రవరి ఎన్నికను వాళ్లు బహిష్కరించారు. ఆ సభ 2017లో ముసాయిదా తయారు చేసింది కానీ అది ప్రజల ఓటుకు పోకుండానే ఆగిపోయింది.

ఇక దక్షిణానికి పోదాం. గాత్, ఉబారీ ప్రాంతాల్లో తువారెగ్‌లు ఉంటారు. వీళ్లూ అమాజిగ్ కుదురువాళ్లే, ఎడారి సంచారులు. మగవాళ్లు ముఖానికి నీలం బట్ట చుట్టుకుంటారు. వీళ్ల చుట్టాలు అల్జీరియా, నైజర్, మాలీలో ఉన్నారు. వలసపాలకులు గీసిన సరిహద్దులు వీళ్ల దారుల మధ్యలోంచి పోయాయి. గడాఫీ సాహెల్ దేశాల తువారెగ్ యువకులను పిలిపించి, పౌరసత్వం ఇస్తానని ఆశపెట్టి, సైన్యంలో వాడుకున్నాడు. పౌరసత్వం చాలామందికి అందలేదు. లిబియాలోనే పుట్టిన పాత తువారెగ్ కుటుంబాలు కూడా తాత్కాలిక రిజిస్టర్లలోనే మిగిలిపోయాయి. జాతీయ సంఖ్య లేదు. కుటుంబ పుస్తకం లేకపోతే అక్కడ ప్రభుత్వ ఉద్యోగం లేదు, పాస్‌పోర్ట్ లేదు, ఓటు లేదు.

తుబుల సంగతి ఇంకా ఘోరం. వీళ్లు నల్లజాతి ఎడారి ప్రజలు. చాద్‌లోని తిబెస్తీ కొండల నుంచి లిబియాలోని ముర్జుక్, కత్రూన్, కుఫ్రా దాకా వీళ్ల నేల. కుఫ్రా ఒయాసిస్సు ఒకప్పుడు వీళ్లదే. 19వ శతాబ్దంలో అరబ్బు తెగ జువయ్యా వచ్చి ఆక్రమించుకుంది. తర్వాత ఔజూ కథ నడిచింది. లిబియా 1973లో చాద్ సరిహద్దులోని ఔజూ భూభాగాన్ని పట్టుకుని, తుబులు చాలామందిని అక్కడి రిజిస్టర్లలో ఎక్కించింది. 1994లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ భూమి చాద్‌దని తీర్పు ఇచ్చింది. లిబియా భూమిని వదిలేసింది. ఆ రిజిస్టర్లలో ఉన్న మనుషులనూ వదిలేసింది. 2007లో కుఫ్రా తుబుల పౌరసత్వం రద్దుచేసి, మీరు చాద్ వాళ్లు పొండి అన్నది. బడి, ఆసుపత్రి మూసుకుపోయాయి. 2008లో, మళ్లీ 2012లో కుఫ్రాలో జువయ్యా, తుబుల మధ్య నెత్తురు పారింది.

తుబు, తువారెగ్‌ల మధ్య 1893లో కుదిరిన మిది మిది ఒప్పందం వందేళ్లకు పైగా నిలబడింది. రాజ్యం లేని కాలంలో నిలబడ్డ ఆ మాట 2014లో ఉబారీలో కూలిపోయింది. దొంగ రవాణా దారులు, చమురు బావుల కాపలా, వెనక నుంచి ఆయుధాలిచ్చే పెద్దలు. కాగితం లేని ఇద్దరు పేదోళ్లు ఒకరినొకరు చంపుకున్నారు.

ఇంకొక్క ఊరు చెప్పి ఆపేస్తా. మిస్రాతా పట్నానికి దక్షిణాన తవర్గా ఉంది. సుమారు 40 వేలమంది నల్లజాతి లిబియన్లు ఉండేవాళ్లు. 2011లో వాళ్లు గడాఫీ పక్షాన ఉన్నారని చెప్పి మిస్రాతా సాయుధ దళాలు ఊరు ఊరంతా ఖాళీ చేయించాయి. కొందరు తప్పు చేసి ఉండొచ్చు. శిక్ష మాత్రం చంటిపిల్లతో సహా అందరికీ పడింది. ఏళ్ల తరబడి గుడారాల్లో బతికారు. 2018లో రాజీ కుదిరాక కొంతమందే తిరిగి పోయారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటారా? ఒక దేశంలో ఏ జాతి ఎంత శాతం అని అడగడం తేలిక. మీరు ఇంకో మూడు ప్రశ్నలు అడగడం నేర్చుకోవాలి. ఆ లెక్క రాసిందెవరు? అందులో ఎవరి పేరు ఎవరి కింద కలిపేశారు? పేరు ఉన్నవాళ్లలో ఎవరి చేతికి కాగితం అందింది?

ఈ ప్రశ్నలు మన దగ్గర కూడా అడగాలి. లక్షలమంది మాట్లాడే గోండి ఇప్పటికీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు దక్కించుకుని గోదావరి అడవులకు వచ్చిన గుత్తికోయలను చూడండి. సరిహద్దు దాటినందుకు కుల ధ్రువీకరణ పత్రం దగ్గరా, పోడు పట్టా దగ్గరా ఆగిపోయారు. కుఫ్రా తుబును మీరు చాద్ వాళ్లు అన్నట్టే, వీళ్లను మీరు ఛత్తీస్‌గఢ్ వాళ్లు అంటున్నారు. అనేవాళ్లలో మనోళ్లూ ఉన్నారు. భూమి తక్కువైందని, రిజర్వేషన్లో వాటా పోతుందని భయం. భయం అబద్ధం కాదు. కానీ ఉబారీలో ఆ భయమే ఇద్దరు పేదోళ్ల చేతిలో తుపాకీ అయింది.

అందుకే మీ ఊళ్లో సర్వే జరిగే రోజున ఒక పని చేయండి. మీ పేరు, మీ తెగ, మీ భాష సరిగ్గా రాశారో లేదో చూసుకోండి. తర్వాత ఊరి చివర కొత్తగా వేసుకున్న గుడిసెల దాకా సర్వే చేసేవాళ్లను మీరే వెంటబెట్టుకుని పోండి. వాళ్ల పేర్లు కూడా రాయించండి.