కోటలో చూసిన నీటి గొట్టాలు

 

మొన్న వేసవి సెలవుల్లో మా కుటుంబం ఒక్కరోజు ప్రయాణంగా గోల్కొండ, హైదరాబాదు చూసి వచ్చింది. ఆ విశేషాలు నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. తెనాలిలో రాత్రి రైలెక్కి తెల్లవారి సికింద్రాబాదులో దిగాం. మళ్ళీ రాత్రి రైలుకే తిరిగొచ్చాం.

రైల్లో పిల్లల మొదటి ప్రశ్న: "వజ్రాలు దొరికింది మన కొల్లూరులోనేనా?" కాదు. ఆ కొల్లూరు పల్నాడులో ఉండేది. ఇప్పుడది పులిచింతల జలాశయం నీటి కింద ఉంది. 17వ శతాబ్దంలో అక్కడ 60 వేల మంది పనిచేస్తున్నారని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. ఊళ్ళు వేరైనా ఆ కొల్లూరును ఒరుసుకుని పారిన కృష్ణే మన లంకల పక్కనుంచి పారుతోంది. గోల్కొండ ఖ్యాతి దేశదేశాలకూ పాకింది ఆ వజ్రాల వల్లనే.

కోటలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే దూరాన కొండ మీది బాలాహిస్సారులో వినపడుతుందని గైడు చెబితే పిల్లలు కొట్టి కొట్టి చేతులు ఎర్రచేసుకున్నారు. దాదీమా మాత్రం గోడల్లోని మట్టి గొట్టాల దగ్గర ఆగిపోయింది. కింది నీటిని అంచెలంచెలుగా తోడి, ఈ గొట్టాల ద్వారా కొండ మీదికి ఎక్కించేవారు. "రోజూ బిందె మోసిన వాళ్ళకే దీని విలువ తెలుస్తుంది" అంది. స్పెయిన్‌లో గ్రనాడా పాలకులు అల్‌హంబ్రా రాజభవనానికి ఇలాగే దూరం నుంచి నీళ్ళు తెప్పించుకున్నారు. గ్రనాడా రాజ్యం 1492లో పోయింది. పాతికేళ్ళు దాటగానే, 1518లో, ఇక్కడ కుతుబ్‌షాహీల పాలన మొదలైంది.

పిల్లలు అడిగిన రెండో ప్రశ్నకు జవాబు చెప్పడం మా బాధ్యత అనిపించింది: "వీళ్ళు మనవాళ్ళేనా, పరాయివాళ్ళా?" ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి ఆయనకు కావ్యం అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యం యయాతి చరిత్ర అంకితమందుకున్నది ఆయన ఉద్యోగి అమీన్‌ఖాన్. ఆ వంశపు ఫర్మానాలు పారసీతో పాటు తెలుగులోనూ వెలువడ్డాయి. అక్కడే రామదాసు చెర కూడా చూపిస్తారు. దాన్నీ దాచకుండా చెప్పాం. అదే తానీషా కొలువులో అక్కన్న, మాదన్నలు పెద్ద పదవుల్లో ఉన్నారనీ చెప్పాం. మంచీ చెడూ రెండూ తెలిస్తేనే చరిత్ర మనదవుతుంది.

మధ్యాహ్నం కుతుబ్‌షాహీ సమాధులు, ఆ తర్వాత 1591 నాటి చార్మినారు చూశాం. మక్కా మసీదులో అసర్ నమాజు చేసుకున్నాం. ఆ మసీదు పని 1617లో మొదలై 1694లో ముగిసింది. పునాది వేసిన రాజు గానీ, అతని వంశం గానీ పూర్తయిన మసీదును చూడలేదు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ మొగలుల వశమైంది.

అంతఃపురాల పైకప్పులు కూలిపోయాయి. వజ్రాలు సముద్రాలు దాటాయి. ఇబ్రహీం కాలంలో తవ్విన హుస్సేన్‌సాగరులో మాత్రం నేటికీ నీళ్ళున్నాయి. మహమ్మద్ కులీ కట్టించిన వైద్యశాల పేరు దారుల్‌షిఫా. అక్కడ వైద్యం చేయడమే కాక, వైద్యవిద్య నేర్పేవారు. పాతబస్తీలో ఆ పేటను నేటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. నీరు, వైద్యం, చదువు. ఇచ్చినవాడు పోయినా పుణ్యం ఆగని దానాన్ని మన పెద్దలు సదఖా జారియా అన్నారు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఈ ఏడాది మన సొసైటీ ముందు రెండు ఆలోచనలున్నాయి. ఒకటి దాతల పేర్లతో పెద్ద ఆర్చి కట్టడం. రెండోది పదో తరగతి పాసైన ఆడపిల్లలను కాలేజీకి పంపడం. మంచి మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు ఇంట్లో కుట్టుమిషను తొక్కుతోంది. "మాస్టారూ, ఫీజు సంగతి ఎలాగో చూస్తాం. పుస్తకాలు ఎక్కణ్ణించి తేను?" అన్నాడు వాళ్ళ నాన్న. రోజుకూలీ ఆయన. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంది.

ఆర్చి వద్దనడం లేదు. అది మరో ఏడాదికైనా ఆగుతుంది. ఈ అమ్మాయి చదువు ఆగలేదు. కాలేజీలో చేరే గడువు దాటితే ఏడాది పోతుంది. ఒకసారి ఏడాది పోయిన ఆడపిల్ల మళ్ళీ బడి మెట్లెక్కడం ఎంత అరుదో టీచర్లకు తెలుసు. ఈ సంవత్సరపు జకాత్, సదఖాలలో తొలి వాటా వాళ్ళ పుస్తకాలకు కేటాయించమని చేతులు జోడించి అడుగుతున్నాం.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్. సెలవు.