రెండు నిరోధములు – ఒక లెక్క
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



పదవ తరగతి పిల్లలు తరచుగా తప్పుచేయు లెక్క యొకటి కలదు. 6 ఓములు, 3 ఓములు గల రెండు నిరోధములను సమాంతరముగా కలిపిన, ఫలిత నిరోధమెంత? పలువురు వెంటనే 9 అని వ్రాయుదురు. సరియైన జవాబు 2. రెండు అడ్డంకులు కలిసి ఒక్కదానికంటె చిన్న అడ్డంకి యెట్లగునని పిల్లలు మమ్ము ప్రశ్నింతురు. మంచి ప్రశ్న!

మేము వారికి కృష్ణగిరి జలాశయమును గుర్తుచేయుదుము. దక్షిణ పినాకినిపై 1950వ దశకములో కట్టిన ఆ ఆనకట్టనుండి కుడి, ఎడమ కాలువలు పొలములకు పోవుచున్నవి. ఒకటి తెరచినప్పటికంటె రెండును తెరచినప్పుడు ఎక్కువ నీరు వెడలును గదా! రెండవ కాలువ యెంత యిరుకైనను నీటికి మరియొక దారియే.

విద్యుత్తు సంగతియు నంతే. 12 వోల్టుల బ్యాటరీకి కలిపిన, 6 ఓముల దారిలో 2 ఆంపియర్లు, 3 ఓముల దారిలో 4 ఆంపియర్లు ప్రవహించును. మొత్తము 6 ఆంపియర్లు. 12ను 6చే భాగించిన 2 ఓములు. సూత్రముచేత చూచినను 1/6, 1/3 కలిపిన 1/2. దానిని తలక్రిందు చేసిన 2. కారణము తెలిసిన బిడ్డకు సూత్రము బరువు కాదు.

మన యిండ్లలోని దీపములును సమాంతరముగానే కలుపబడియున్నవి. అందుచేత ఒకటి మాడిపోయినను తక్కినవి వెలుగును. కాని ఒకే ప్లగ్గునకు ఇస్త్రీపెట్టె, హీటరు, మిక్సీ తగిలించినచో ఫలిత నిరోధము తగ్గి, ప్రవాహము పెరిగి, తీగ వేడెక్కును. అప్పుడు ఫ్యూజు పోవుట మన మేలునకే. దాని స్థానమున లావుపాటి తీగను చుట్టవలదని మనవి.

నిరోధపు కొలతకు తన పేరిచ్చిన జార్జి సైమన్ ఓమ్ 1789లో జర్మనీలో జన్మించెను. తండ్రి తాళములు చేయు పనివాడు. తానే చదువుకొని కుమారునకు గణితము నేర్పెను. ఓమ్ బడిపంతులుగా నుండి చేసిన ప్రయోగముల ఫలమును 1827లో గ్రంథముగా ప్రకటించెను. 1841లో లండను రాయల్ సొసైటీ ఆయనకు కాప్లీ పతకము నిచ్చెను.

తెలుగులో చదివిన బిడ్డ సైన్సులో వెనుకబడునేమో యని మీలో కొందరికి దిగులు కలదు. "ఎందుకు?" అను ప్రశ్న బిడ్డకు ఇంటి భాషలోనే ముందుగా పుట్టును. ఆ ప్రశ్నను అణచకుడు. తమిళమును, ఇంగ్లీషును కూడ పిల్లలు చక్కగా నేర్వవలెను. రెండవ దారి మొదటి దారికి అడ్డు కాదు.

ఈ రాత్రి మీ బిడ్డను "తొమ్మిదా, రెండా?" అని అడుగుడు. కారణమును తెలుగులో చెప్పించుకొనుడు.