చేతికి చెప్పెడి మాట

చూపు లేనివారి చదువు అనగానే మనకు బ్రెయిలీ లిపి జ్ఞప్తికి వచ్చును. ఆరు చుక్కలతో లూయీ బ్రెయిలీ కూర్చిన ఆ లిపి 1829లో ప్రకటితమైనది. దాని ఉపకారము లోకవిదితమే. అయితే, చూపు లేకపోవుటతో పాటు నేర్చుకొనుటయు కష్టమైనవారి సంగతి యేమి? చుక్కల సూక్ష్మభేదములను వ్రేలికొనతో గుర్తించుట వారిలో పెక్కుమందికి దుస్సాధ్యము. నేడు మనము విచారింపదలచినది వారిని గూర్చియే.

ఇంగ్లండు దేశమున బ్రైటన్ నగరములో విలియం మూన్ అను నాతడు యౌవనముననే చూపు కోల్పోయెను. చూపు లేని పిల్లలకు చదువు చెప్పుచు, ఆనాటి ఉబ్బెత్తు లిపులు వారికి కొరుకుడు పడకుండుట గమనించి, 1845లో వేరొక లిపిని కల్పించెను. రోమను అక్షరములలోని గీతలు కొన్ని తీసివేసి, మిగిలినవానిని పెద్దవిగా, స్పష్టముగా ఉంచుటయే అందలి కిటుకు. వార్ధక్యమున చూపు పోయినవారికిని, వ్రేళ్ల స్పర్శ మొద్దుబారినవారికిని, నేర్చుట కష్టమైనవారికిని అది ఆసరా అయ్యెను.

అక్షరమే అందనివారికి వస్తువే అక్షరము కావలెను. నెదర్లాండ్సులో చూపును వినికిడియు లేని పిల్లలతో పనిచేసిన యాన్ వాన్ డైక్ ఈ మార్గమునకు ప్రాచుర్యము కలిగించినవారిలో ముఖ్యుడు. చెంచా చేతికిచ్చినచో భోజనము. తువాలు ఇచ్చినచో స్నానము. చెప్పు ఇచ్చినచో బయటికి పోవుట. ఇందు నియమములు మూడు. ఒక పనికి ఎల్లప్పుడును ఒకే వస్తువు. దానిని పనికి సరిగా ముందు ఇయ్యవలెను. ఇంటిలోని వారందరును అట్లే చేయవలెను. అమ్మ తువాలు ఇచ్చి, నాయనమ్మ చెంబు ఇచ్చినచో బిడ్డకు అర్థము చిక్కదు.

చేయి పట్టి లాగరాదు. మన చేతిని వారి చేతి క్రింద ఉంచి, వస్తువు వద్దకు తోడు పోవలెను. ఆపై కొంతసేపు వేచియుండవలెను. ఫలము వారములలో కాక నెలలలో కనబడవచ్చును.

చెప్పకయే లేవనెత్తి, చెప్పకయే నెత్తిన నీళ్లు పోసినచో మనమైనను కేకలు వేయమా? ఆ కేకను మొండితన మనుకొనుట మన పొరపాటు. ముందుగా తువాలు అందుకొన్న బిడ్డ ఒకనాడు దానిని త్రోసివేయవచ్చును. అదియు మాటయే, "ఇప్పుడు వద్దు" అని దాని అర్థము. ఆ మాటను విని, వీలైన వేళ మన్నించినప్పుడే మన మిచ్చిన తువాలు ఆజ్ఞ గాక సంభాషణ యగును.